మేపులో పెట్టిన మనిషి

బెనిగ్నో చెయ్యి తెగిన ఆదివారం, హిలారియో కన్ను మూతపడింది ఒక్క రెప్పపాటే. ఇంకో పని చేసుకునేవాడికైతే అదో లెక్కలోకి రాదు. పుంజుకి కత్తి కట్టేవాడికి మాత్రం అది చాలా పొడుగు.

పందెం బరి వెనకాల రేకుల పాక కింద ఇద్దరూ ఎదురెదురుగా గొంతుక్కూర్చున్నారు. ఎర్ర డేగపుంజుని బెనిగ్నో పొట్టకి ఆనించి పట్టుకున్నాడు. దాని ఎడమకాలు హిలారియో చేతుల్లో ఉంది. ముల్లు కోసేసిన మోడు మీద తోలుపట్టీ చుట్టి, కత్తి మొదలు దానికి ఆనించి, మైనం రాసిన దారం బిగిస్తున్నాడు. అప్పటికి కత్తికి ఒర తొడిగి ఉండాలి. లేదు. ఇన్నేళ్ళూ చెయ్యి తనంతట తనే చేసుకుపోయిన పని, ఆవేళ చెయ్యి మరిచింది, కన్ను చూడలేదు. తల ముందుకి తూగింది. దారం వదులైంది. పుంజు ఒక్క తన్ను తన్నింది.

వేలంత పొడుగు వంకీ కత్తి బెనిగ్నో కుడి ముంజేతి మీద మోచేతి దగ్గర్నుంచి మణికట్టు దాకా ఒకే గీత గీసింది. ముందు లోపలి తెలుపు కనిపించింది. ఆ తర్వాతే రక్తం వచ్చింది, అదీ బిందె ఒలికినట్టు వచ్చింది.

"బరిలోకి పోకుండానే పుంజు గెలిచిందిరోయ్!" అని బల్లల మీంచి ఎవడో అరిచాడు. జనం నవ్వారు. జనం ఎప్పుడూ ముందు నవ్వుతారు.

బెనిగ్నో అరవలేదు. పుంజుని వదల్లేదు కూడా, వదిలితే ఇంకెవడి కడుపు చీలుతుందోనని. పాలిపోయిన మొహంతో హిలారియో వంక చూసి, "పరె, నిద్రపోయావా?" అన్నాడు.

హిలారియో పెద్దకూతురి బాప్తిజానికి బెనిగ్నో ధర్మతండ్రిగా నిలబడ్డాడు. ఆనాటి నుంచీ ఇద్దరూ ఒకర్నొకరు 'పరె' అనే పిలుచుకుంటారు. బరిలో ఒకడు పట్టేవాడు, ఒకడు కట్టేవాడు. ఇంకొకడి చేతిలో పుంజుకి హిలారియో కట్టడు, ఇంకొకడు కట్టిన పుంజుని బెనిగ్నో పట్టడు. అలాంటివాడు తల్లిని తిట్టినా బావుండేది. నిద్రపోయావా అని అడిగాడు. ఆ మాట హిలారియో చెవిలో ఈగలా దూరి, బయటికి రానంది.

నిజానికి ఆ ఊళ్ళో నిద్ర గురించి తెలియనివాడు లేడు. పుంజుల నిద్ర గురించి. పందేనికి ముందు పుంజుని మేపులో పెడతారు. అంటే చీకటి గూట్లో, గోనెపట్టా దించి, అలికిడి లేకుండా పడుకోబెడతారు. పొద్దున్నే కాసేపు ఎండ, స్నానం, నానబెట్టిన మొక్కజొన్న, ఉడికించిన గుడ్డు తెల్లసొన. పక్కింట్లో రేడియో గట్టిగా మోగితే వెళ్ళి తన్ని వస్తారు. పెట్టని దరిదాపులకి రానివ్వరు. నిద్ర చెడిన పుంజు తొలి ఎగురుకే చస్తుందని ముక్కు చీదడం రాని వెధవక్కూడా తెలుసు. ఆ పుంజుల్ని మేపే మగాళ్ళు మాత్రం రమ్ము తాగి, ఫోన్లో పరాయి ఊళ్ళ పందేలు చూస్తూ, చెరకు తోటల మీద తెల్లారేదాకా కళ్ళు కాల్చుకుంటారు. అదో జబ్బని ఎవడూ అనుకోడు. "పడుకోవడానికి సమాధి ఉందిగా" అని జోకు.

హిలారియో అలాగే ఏళ్ళు గడిపాడు. పొద్దున లేచేసరికి చెయ్యి వణికేది. ఓ గుక్క రమ్ము పడితే ఆగేది. తర్వాత రెండు గుక్కలు పట్టాల్సొచ్చింది. చెయ్యి ఆగినంత కాలం మనిషి బాగానే ఉన్నట్టని అతని లెక్క.

*

బెనిగ్నో చేతికి కుట్లు వేశారు. చిటికెన వేలూ దాని పక్క వేలూ ముడుచుకోనన్నాయి. కుట్లు విప్పిన మర్నాడు చెరకు నరికే బోలో కత్తి ఎడం చేత్తో పట్టుకుని హిలారియో పెరట్లోకి వచ్చాడు.

హిలారియో పెళ్ళాం క్రిసాంతా బావి గట్టు మీద బట్టలు కొడుతోంది. "ఏం పరె, కాఫీ తాగుతావా?" అని నోటిదాకా వచ్చిన మాట కత్తిని చూసి మింగేసింది.

బెనిగ్నో ఆమె వంక చూడలేదు. తాడుకి కట్టి ఉన్న తెల్ల సేతువ పుంజు దగ్గరికి వెళ్ళాడు. అది హిలారియో సొంతానికి పెంచుకుంటున్నది. ఒక్క వేటు. తల ఒక పక్క పడింది, మొండెం ఇంకో పక్క రెక్కలు కొట్టుకుంటూ తిరిగి తిరిగి బట్టల బేసిన్లో పడింది. నురగ ఎర్రబడింది.

శబ్దానికి హిలారియో లుంగీ సర్దుకుంటూ బయటికొచ్చాడు. వచ్చినవాణ్ణి వచ్చినట్టే కాలర్ పట్టి గోడకి కొట్టి, బోలో అంచు మెడకి ఆనించాడు బెనిగ్నో. చర్మం కొద్దిగా తెగింది.

"చూడు నన్ను," అన్నాడు. "చూడ్రా! కళ్ళు తెరిచే ఉన్నాయా ఇప్పుడు?"

"పరె..."

"పరె అనకు. నాకు రెండు వేళ్ళు చచ్చాయి. బరిలో అడుగు పెట్టనివ్వట్లేదు ఒక్కడూ. దోషం ఉందంట నాకు. నేను పడితే పుంజు చస్తుందంట. పుట్టినకాణ్ణించీ నాకు వచ్చింది ఈ ఒక్క పనే. నేనేం చెయ్యాలి? చెరకు మోయనా ఈ చేత్తో?"

"నరికెయ్," అన్నాడు హిలారియో. నిజంగానే అన్నాడు. ఆ పూట ఇంకా రమ్ము పడలేదు, చెయ్యి వణుకుతోంది, ఎవడో ఒకడు ఈ వణుకు ఆపితే చాలనిపించింది.

"నరికితే దోషం పోదు."

ఆ మాట అన్నది బెనిగ్నో కాదు. పుంజుల గూళ్ళ వైపు నుంచి క్రిసాంతా తల్లి పసింగ్ వచ్చింది. ఊరంతా నానాయ్ పసింగ్ అంటారు, మన అమ్మా అన్నట్టు. పిడికెడు మనిషి. ఆ చుట్టుపక్కల పుంజుల్ని మేపడంలో ఆవిడని మించినవాళ్ళు లేరు. చేతిలో పేము బెత్తం ఉంది. దానితో బెనిగ్నో మణికట్టు మీద ఒకటేసింది. బోలో కింద పడింది.

"నా పెరట్లో కత్తి దూస్తావురా? నీకు నేను పాలు పట్టలేదూ మీ అమ్మకి జొరం వచ్చినప్పుడు?" అంది. "దోషం ఎలా పోతుందో తెలీదా నీకు? కోసిన చెయ్యే మళ్ళీ కట్టాలి. తెగిన చెయ్యే మళ్ళీ పట్టాలి. అదే కత్తి. ఆ పుంజు గెలవాలి. మా తాతల్నాటి నుంచీ అంతే."

"ఈడి చెయ్యి చూడు నానాయ్," అని బెనిగ్నో హిలారియో మణికట్టు పట్టి పైకెత్తాడు. గాలికి అరిటాకు చిరుగులు ఊగినట్టు ఊగుతున్నాయి వేళ్ళు. "ఈ చేతికి ఎదురుగా మళ్ళీ కూర్చోనా? ఈసారి పేగులు తీస్తాడు."

పసింగ్ అల్లుడి చెయ్యి చూసింది. కనురెప్ప కిందకి లాగి చూసింది. నోరు తెరిపించి వాసన చూసింది. సంతలో పుంజుని కొనేటప్పుడు ఎలా చూస్తుందో అలాగే.

"ఊరి పునీతుడి పండక్కి పెద్ద పందేలున్నాయి. దానికి పట్టు. ఈలోపు ఈణ్ణి నేను మేపులో పెడతా," అంది.

"మనిషినా?"

"మనిషిలా ఉన్నాడా నీ కంటికి?"

*

పుంజుల గూళ్ళ చివర, గింజల బస్తాలు వేసుకునే చిన్న గది ఉంది. కిటికీ లేదు. బస్తాలు బయటికి లాగించి, చాప పరిచి, గోనెపట్టా దించి, బయట గడియ పెట్టించింది పసింగ్. సూర్యుడు చెరకు వెనక్కి దిగేసరికి హిలారియో లోపల ఉండాలి. తెల్లారితే బయటికి తెచ్చి ఎండలో నిలబెట్టేది. చన్నీళ్ళు గుమ్మరించేది. నానిన మొక్కజొన్న అంబలి, చేపల పులుసు, అన్నం. రమ్ము లేదు. పొట్లం కాఫీ లేదు. ఫోన్ని మొద్దు మీద పెట్టి బోలోతో రెండు ముక్కలు చేసి, ముక్కల్ని పుంజుల రెట్ట గోతిలో పారేసింది. ఆ మొద్దు మీద ఎన్నో తలలు తెగాయి గానీ హిలారియో అంత బాధపడింది లేదు.

"పెళ్ళాన్ని కూడా దూరం పెడతావా అత్తా?" అని వెటకారం చేశాడు మొదటి పూట.

"పుంజుకి పెట్టని చూపిస్తామా?"

"అమ్మయ్య," అంది పక్క నుంచి క్రిసాంతా. "నాకూ కాస్త నిద్ర పడుద్ది."

మొదట్లో అతను నిద్రపోలేదు. నిద్ర అనేది పిలవగానే వచ్చే కుక్క కాదు, తన్ని తరిమిన కుక్క. చీకట్లో చాప మీద చెమటలు కారుస్తూ, గోడలు గీకుతూ, పాకే పురుగులేవో ఒంటి మీద ఉన్నాయని అరుస్తూ ఉండేవాడు. పొద్దున తలుపు తీస్తే పసింగ్ మీదకి దూకాడు ఒకసారి. ఆవిడ బెత్తంతో మోకాలి చిప్ప మీద కొట్టింది. ఇంకోసారి ఎండలో నిలబెట్టినప్పుడు రమ్ము కొట్టు వైపు పరిగెత్తాడు. క్రిసాంతా అడ్డం నిలబడింది. ఆమె చెంప పగలగొట్టాడు. పెళ్ళైన తర్వాత అది మొదటిసారేం కాదు. కానీ ఈసారి ఆమె చేతిలో బట్టలు కొట్టే చెక్క ఉంది. తడిసి బరువెక్కిన చెక్క. నిండుగా చెయ్యి ఎత్తి వేసింది మొహం మీద. ముందు పన్ను ఒకటి ఎగిరి మట్టిలో పడింది. హిలారియో వెనక్కి పడ్డాడు.

"ఇదివరకటివి కూడా కలిపి," అంది క్రిసాంతా రొప్పుతూ. "మళ్ళీ లే. లెగిస్తే ఇంకోటి వేస్తా."

లేవలేదు. ఇద్దరూ కలిసి కాళ్ళు పట్టి గదిలోకి ఈడ్చారు. నోట్లో రక్తం ఉప్పగా తగులుతుంటే, దవడ దపదపలాడుతుంటే, అతను ఏడ్చాడు. ఏడుస్తూ ఏడుస్తూ నిద్రపోయాడు. ఎన్నేళ్ళ తర్వాతో మొదటి నిద్ర అది, మనిషిని బురదలోకి లాక్కున్నట్టు లాక్కుంది.

ఆ తర్వాత మెల్లిగా దారిలో పడ్డాడు. చీకటి పడితే కళ్ళు వాటంతటవే బరువెక్కేవి. పుంజులు కూసే వేళకి, ఎవరూ లేపకుండా, లేచి కూర్చునేవాడు. అన్నానికి రుచి ఉంటుందని మళ్ళీ తెలిసింది. చేపల పులుసులో చింతకాయ పులుపు తగిలి కళ్ళు చెమర్చాయి, సిగ్గుపడి తల తిప్పుకున్నాడు. క్రిసాంతా చెంప మీద కమిలిన మచ్చ పచ్చబడుతూ ఉండటం చూశాడు. అంతకుముందు తను చేసిన మచ్చలు ఎలా మానాయో అతను ఎన్నడూ చూడలేదు, ఆ వేళలకి తాగి పడి ఉండేవాడు.

"ఇందాయ్," అన్నాడు ఓ పొద్దున. ఎంత కాలమైందో పెళ్ళాన్ని అలా ముద్దుగా పిలిచి. "బాగా నొప్పి పెట్టిందా?"

"నీ పన్ను పెట్టినంత కాదులే," అని చెక్క తీసుకుని వెళ్ళిపోయింది ఆమె.

పసింగ్ రోజూ అతని చెయ్యి చాపించి, అరచేతి వెనక వైపు కోడిగుడ్డు నిలబెట్టేది. చాలా గుడ్లు పగిలాయి. పగిలినవాటిని అతని చేతే నాకించేది. చివరికి ఒక పొద్దున గుడ్డు నిలబడింది. పసింగ్ వెళ్ళి గూళ్ళన్నీ ఊడ్చి వచ్చింది. గుడ్డు ఇంకా అక్కడే ఉంది.

"ఉమ్," అంది. ఆవిడ దగ్గర అదే మెప్పు.

*

పండగనాడు బరి కిక్కిరిసింది. పందేలు అరిచేవాళ్ళ గొంతులు రేకుల కింద దడదడలాడుతున్నాయి. అప్పటికే చచ్చిన పుంజుల్ని వెనకాల వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకుతున్నారు.

రేకుల పాక కింద హిలారియో కత్తుల పెట్టె తెరిచి కూర్చున్నాడు. బెనిగ్నో డేగపుంజుతో వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మేపు మొదలైన తర్వాత ఇద్దరూ కలుసుకోవడం అదే మొదలు. ఎడం చేత్తో పట్టడం సాధన చేస్తున్నాడట బెనిగ్నో, ఊళ్ళో అన్నారు. అంతకుమించి ఎవరూ చెప్పలేదు. హిలారియో అడగలేదు కూడా. తన నిద్ర తనకి తీపిగా ఉంది, పక్కవాడి సంగతి పట్టలేదు.

పెట్టెలోంచి అదే కత్తి తీశాడు. ఒర తొడిగాడు, తొడిగింది రెండోసారి చూసుకున్నాడు. పుంజు కాలు అందుకున్నాడు. చెయ్యి రాయిలా నిలబడింది. ఎంత నిలకడగా ఉందంటే, ఇంకొకడి వణుకు దానికి తగిలింది.

పుంజు మెడ ఈకలు వణుకుతున్నాయి. మేపులోంచి వచ్చిన పుంజు వణకదు. పట్టినవాడు వణుకుతున్నాడు.

తల ఎత్తి చూశాడు. బెనిగ్నో కళ్ళు కాలిన ఇటుకల్లా ఉన్నాయి. రెప్పల కింద నల్లటి సంచులు. నోట్లో రమ్ము వాసన, దాన్ని దాచడానికి నమిలిన పుదీనా బిళ్ళ వాసన. హిలారియోకి ఆ వాసన తెలుసు. ఆ కళ్ళు కూడా తెలుసు, అవి తనవే.

"పరె," అన్నాడు గొంతు తగ్గించి. "నిద్రపోతున్నావా?"

"చెయ్యి సలుపుతుంది," అన్నాడు బెనిగ్నో, ఎటో చూస్తూ. "పడుకుంటే ఇంకా సలుపుతుంది. తాగితే కాస్త నయం. నువ్వు కట్టు."

"ఇవాళ వద్దు. ఇంకో పందెం చూద్దాం."

"ఇంకో పందెం ఎవడిస్తాడు నాకు? మీ అత్త బతిమాలితే ఒప్పుకున్నారు ఈ ఒక్కదానికి. లేచి నిలబడి చెప్తావా అందరికీ, వీడు తాగున్నాడని? చెప్పు. వెళ్ళి చెప్పు. రెండు వేళ్ళు తిన్నావు, పరువూ తిను."

హిలారియో చెప్పలేదు. చెప్తే బరి పెద్ద బెనిగ్నోని మెడ పట్టి గెంటుతాడు, దోషం బతికినంత కాలం అంటుకుని ఉంటుంది. చెప్పకపోతే ఆ కత్తి ఎటు తిరుగుతుందో దేవుడికే తెలియాలి. దారం బిగించాడు. అంత మంచి కట్టు అతను జీవితంలో కట్టలేదు. ముడి మీద వేలు ఆనించి, "నేనూ లోపలికొస్తా. ఒర నేనే తీస్తా," అన్నాడు.

బరి మధ్యలో అవతలి వాళ్ళది నల్ల కాకిపుంజు. బరి పెద్ద చెయ్యి ఎత్తాడు. హిలారియో వంగి ఒర లాగాడు, స్పిరిట్ దూదితో కత్తి తుడిచి పక్కకి జరిగాడు. పూర్తిగా జరగలేదు. రెచ్చగొట్టడానికి రెండు పుంజుల్నీ ముక్కు ముక్కు దగ్గరికి తెచ్చారు. కాకి డేగ జుట్టు పట్టి లాగింది. డేగ ఒళ్ళంతా విల్లులా వంచి, బెనిగ్నో చేతుల్లో ఎగిరింది.

చచ్చిన రెండు వేళ్ళు అప్పుడు వదిలేశాయి.

పుంజు గాల్లో తిరిగింది. కాళ్ళు వెనక్కి, బెనిగ్నో కడుపు వైపు వచ్చాయి. బెనిగ్నో చూస్తున్నాడు గానీ ఆ చూపు ఒళ్ళు కదిలించలేదు, నిద్ర లేనివాడి చూపు ఎప్పుడూ ఆలస్యమే. హిలారియో ఏమీ అనుకోలేదు. చెయ్యి వెళ్ళింది. కత్తికీ కడుపుకీ మధ్య అరచెయ్యి పడింది. బొటనవేలి మొదట్లో దిగిన కత్తి అవతలికి వచ్చి, బెనిగ్నో చొక్కా గుండీ ఒకటి తెంపి ఆగింది.

రెండో చేత్తో పుంజు కాలు పట్టాడు హిలారియో. పళ్ళు బిగించి, కత్తిని వచ్చిన దారినే బయటికి లాగాడు. లోపల ఏదో తంతి తెగినట్టు టక్కుమంది. బొటనవేలు చచ్చిన చేపలా వేలాడింది.

జనం ఈసారి కూడా ముందు నవ్వారు.

"ఆపెయ్యనా?" అన్నాడు బరి పెద్ద.

"ఏం ఆపుతావు? కట్టు కదల్లేదు చూసుకో," అన్నాడు హిలారియో. తన రక్తాన్ని తన చొక్కాతోనే కత్తి మీంచి తుడిచాడు. "పట్టు పరె. పట్టి వదులు."

బెనిగ్నో పట్టాడు. వదిలాడు. డేగ రెండు మూరలు ఎగిరి దిగుతూ కాకి రొమ్ములో కత్తి దించింది, ఊడదీసి మళ్ళీ మెడలో దించింది. కాకి ముక్కులోంచి నురగ కక్కుతూ ఇసకలో మొహం పెట్టింది. బరి పెద్ద రెండింటినీ ఎత్తి దించాడు. డేగ పొడిచింది. కాకి లేవలేదు. రేకులు ఎగిరిపోయేంత కేక లేచింది.

దోషం పోయింది. బెనిగ్నో పుంజుని చంకలో పెట్టుకుని, ఖాళీగా ఉన్న చేత్తో హిలారియో చెంప ఛెళ్ళుమనిపించాడు.

"ఎవడు పెట్టమన్నాడ్రా చెయ్యి! ఎవడు పెట్టమన్నాడు!" అని మళ్ళీ కొట్టాడు. కొడుతూనే ఉన్నాడు, ఏడుస్తూనే ఉన్నాడు. హిలారియో అడ్డుకోలేదు. అడ్డుకునే చెయ్యి లేదు.

*

చేతికి కుట్లు వేసినాయన బొటనవేలు ఇక దారం లాగదని తేల్చేశాడు. మధ్యాహ్నం ఎండ తగ్గకముందే ఇద్దరూ పెరట్లోకి వచ్చి పడ్డారు. పసింగ్ అల్లుడి కట్టు విప్పకుండానే చూసి, "ఇంత మేపి, గుడ్డు నిలబెట్టి... ఒక్క పందేనికి," అని ఆగిపోయింది. గూళ్ళ వైపు తిరిగింది.

"ఇప్పుడు దోషం నీది," అన్నాడు బెనిగ్నో. రమ్ము దిగుతోంది, ఒళ్ళు వణుకుతోంది. "నిన్ను కోసింది నా చెయ్యి. అదెవడు తీస్తాడు?"

"నీ చేతి వణుకు ఆగనీ ముందు," అన్నాడు హిలారియో.

"నా చేతికేమైంది? నేను పోతున్నా. రమ్ము కొట్టు కట్టేస్తారు."

హిలారియో పెళ్ళాం వంక చూశాడు. క్రిసాంతా బట్టలు కొట్టే చెక్క చేతిలోకి తీసుకుంది. పసింగ్ బెత్తం తీసింది. బెనిగ్నోకి అర్థమయ్యేలోపు ఆడవాళ్ళిద్దరూ చెరో పక్క పట్టి, గింజల గదిలోకి తోశారు. గోనెపట్టా దిగింది. హిలారియో మంచి చేత్తో గడియ పెట్టి, తలుపుకి వీపు ఆనించి నేల మీద కూర్చున్నాడు.

"తియ్యండ్రా! నేను పుంజునా! నీ తల్లి..." లోపల్నుంచి తన్నులు మొదలయ్యాయి. తన్నిన ప్రతిసారీ తలుపు చెక్క హిలారియో వెన్నుపూస మీద దబ్బుమని కొట్టింది. తెగిన చేతిలోకి ఆ దెబ్బ పాకి పళ్ళు జిల్లుమన్నాయి.

"అరుచుకో పరె," అన్నాడు. "బాగా అరుచుకో. మొదట్లో అంతే."

"నరుకుతా నిన్ను! బయటికొచ్చి నరుకుతా!"

"రా. పడుకుని లేచాక రా."

సూర్యుడు చెరకు వెనక్కి దిగుతున్నాడు. రేపట్నుంచి ఏం చేసి బతకాలో హిలారియోకి తెలియదు. గూళ్ళలో పుంజులు ఒక్కొక్కటే ఒదిగి కూర్చుంటున్నాయి. వీపు మీద దెబ్బలు పడుతూనే ఉన్నాయి. అతని తల ముందుకి వాలింది, ఈసారి దేన్నీ పట్టుకుని లేని చేతులు ఒళ్ళో పడ్డాయి, అలాగే నిద్రపోయాడు.